"యూదా" అని అరిచిన గొంతు

చప్పట్లు ఆగడం లేదు. అవి మెచ్చుకోలు చప్పట్లు కావు, పాటను సాగనివ్వకూడదని జనం నెమ్మదిగా ఒకే లయలో కొడుతున్నవి. అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ మైకు ముందు ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా గొణుగుతూనే ఉన్నాడు. ఏమంటున్నాడో విందామని అందరూ సద్దుమణిగాక, అంత గట్టిగా చప్పట్లు కొట్టకుండా ఉంటే బాగుండేదన్నట్టు మాట ముగించాడు. ఈ రాత్రి ఆ చోటును నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

ఇది 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగిన కచేరీ. 1998లో అధికారికంగా వెలువడేదాకా దొంగచాటు రికార్డుగా చేతులు మారుతూ, లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరుతో చలామణీ అయింది.

మొదటి సగం ఒంటరిగా గిటారు, హార్మోనికాలతో పాడిన మనిషి, రెండో సగంలో ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని బృందంతో వచ్చాడు. జానపద గాయకుడిగా ఆయన్ను అభిమానించిన వాళ్ళలో చాలామందికి అది ద్రోహంలా తోచింది. చివరి పాటకు ముందు ఒకరు "జూడాస్" అని అరిచారు. మన తెలుగు బైబిల్లో క్రీస్తును పట్టించిన యూదా ఆయనే. "నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువి" అని డిలాన్ బదులిచ్చాడు.

ఇన్నేళ్లూ ఆ అరిచిన మనిషి మీద నాకు కోపమే ఉండేది. ఈ రోజు మాత్రం ఆ గొంతులో, తనదనుకున్న గాయకుడు తనను విడిచి వెళ్ళిపోతున్నాడన్న బాధ వినిపించింది. అంతగా ప్రేమించని వాళ్ళు అంత మాట అనలేరు.

ఆ తర్వాత డిలాన్ గట్టిగా వాయించమని బృందానికి చెప్పడం, డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.