వెనక్కి చూసే కుర్రాడు

మా పక్కింటి పెద్దాయనకి అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఐస్ హాకీ స్కౌట్. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక జట్టు తరఫున ఊరూరా తిరిగి, పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళ ఆట చూసి, రేపు ప్రొఫెషనల్‌గా నిలబడేదెవరో రాసిచ్చే పని ఆయనది. మొన్న శీతాకాలంలో ఆయన ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా మిగిలే ఉంది. రాత్రిపూట ఎదురొచ్చే హెడ్‌లైట్లు తట్టుకోలేకపోతున్నారు. "సడ్‌బరీ వెళ్ళాలి. నువ్వు బండి నడుపు, నీకు ఆట చూడటం నేర్పిస్తాను" అన్నారు. జనవరి చివర్లో ఒక శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టేశాను.

కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. హాకీ టీవీలో చూడటమే తప్ప రింక్‌లో కూర్చుని చూసింది తక్కువ. అయినా వెంటనే ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. నాకు పదిహేనేళ్ళప్పుడు మా ఊళ్ళో ఒక క్రికెట్ సెలక్షన్ క్యాంప్‌కి వెళ్ళాను. ఆరు బంతులు వేయించారు. నాలుగోది వైడ్ పడింది. ఆరో బంతి పడేసరికి సెలెక్ట్ చేసే ఆయన పక్కాయనతో మాట్లాడుతున్నారు. "నెక్స్ట్" అన్నారు. అంతే. నేను గొప్ప బౌలర్ని అయ్యేవాణ్ణని చెప్పను. కానీ ఆరో బంతి చూడలేదన్న బాధ ఇరవై ఆరేళ్ళయినా పోలేదు. ఒక పిల్లాణ్ణి ఎంపిక చేసే మనిషి అసలు ఎలా చూస్తాడో దగ్గరుండి చూడాలని ఎప్పట్నించో ఉంది.

మిస్సిసాగా నుంచి సడ్‌బరీ దాదాపు 400 కిలోమీటర్లు. బ్యారీ దాటాక జనం పలచబడి అడవి మొదలవుతుంది. గులాబీ రంగు గ్రానైట్ కొండల్ని కోసి రోడ్డు వేశారు. ఆ రాతిగోడల మీద నుంచి కారిన నీళ్ళు గడ్డకట్టి తెల్లటి జడల్లా వేలాడుతున్నాయి.

దారి పొడవునా పెద్దాయన చెబుతూనే ఉన్నారు. కెనడాలో జూనియర్ హాకీకి పై మెట్టు కెనడియన్ హాకీ లీగ్. అందులో మూడు లీగులున్నాయి. ఒంటారియో వైపుది ఒంటారియో హాకీ లీగ్, ఓహెచ్‌ఎల్. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య కుర్రాళ్ళు ఆడతారు, ఒక్కో జట్టుకి సీజన్‌లో 68 మ్యాచ్‌లు. అమ్మానాన్నల దగ్గర ఉండాల్సిన వయసులో వేరే ఊళ్ళో, అంతకుముందు ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఉంటారు. దాన్ని బిల్లెట్ అంటారు. ఆ ఇంటావిడే వండిపెడుతుంది, స్కూలుకి లేపుతుంది, జ్వరం వస్తే కూర్చుంటుంది. ఆ ఏడాది సెప్టెంబరు 15 లోపు 18 నిండితే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే కార్యక్రమానికి, పేరు వస్తుంది. 16న పుట్టినవాడు ఇంకో ఏడాది ఆగాలి. 32 జట్లు, ఏడు రౌండ్లు, మొత్తం 224 పేర్లు.

"అందుకే కాగితం చేతికి రాగానే గోల్స్ చూడను, పుట్టినరోజు చూస్తాను" అన్నారు. చిన్నపిల్లల హాకీలో వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపులో ఆడతారు. పదేళ్ళప్పుడు పదకొండు నెలల తేడా అంటే మాటలు కాదు. పెద్దగా ఉన్నవాడు మంచి జట్టులో పడతాడు, మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడతాడు. కెనడా హాకీలో మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు ఎక్కువగా ఉండటం గురించి 1985లోనే పరిశోధకులు రాశారు. పెద్దాయన మాత్రం దాన్ని ఇంకోలా వాడతారు. నవంబరులో పుట్టి కూడా ఇంతదాకా నెగ్గుకొచ్చినవాడి పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకుంటారు.

ప్యారీ సౌండ్‌లో కాళ్ళు చాపుకోవడానికి ఆగాం. బాబీ ఓర్ పుట్టిన ఊరు. 1968 నుంచి 1975 వరకు వరసగా ఎనిమిదేళ్ళు ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్‌మన్‌గా (వెనక ఉండి గోల్‌ని కాపాడే ఆటగాడిగా) నిలిచిన మనిషి. 1961లో బోస్టన్ జట్టు వాళ్ళు గననోక్వే అనే ఊళ్ళో వేరే ఇద్దరు కుర్రాళ్ళని చూడటానికి వెళ్ళి, అవతలి జట్టులో ఆడుతున్న పన్నెండేళ్ళ ఓర్‌ని చూసి ఆగిపోయారు. ఆ కథ చెబుతుంటే పెద్దాయన గొంతు మారింది. "వెళ్ళిన పని మర్చిపోవడం కూడా స్కౌట్‌కి రావాలి" అన్నారు.

ప్యారీ సౌండ్ దాటాక మంచు పట్టుకుంది. అక్కడ కొంత దూరం రోడ్డు రెండు లైన్లే. ఎదురుగా లారీ వెళ్ళిన ప్రతిసారీ లేచిన మంచుపొడికి రెండు మూడు సెకన్లు ఏమీ కనపడలేదు. టెన్షన్‌తో స్టీరింగ్ బిగపట్టాను. ఆయన మాట్లాడటం ఆపేసి, కుడివైపు తెల్లగీత కనపడుతోందో లేదో చూస్తూ "ఉంది, ఉంది" అని మాత్రం అంటూ కూర్చున్నారు.

సడ్‌బరీ నికెల్ గనుల ఊరు. చేరేసరికి మైనస్ ఇరవై నాలుగు. అరీనా పక్కన టిమ్ హార్టన్స్‌లో కాఫీ ఇచ్చిన అబ్బాయి నా కార్డు మీద పేరు చూసి "అన్నా, తెలుగా?" అన్నాడు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడట. ఆ కప్పు మీదున్న పేరు కూడా ఒక హాకీ ఆటగాడిదే అని చెబితే ఆశ్చర్యపోయాడు. ఇదే ఉత్తర ఒంటారియోలో కాక్రేన్‌లో పుట్టి, టొరంటో తరఫున ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు నాలుగుసార్లు గెలిచిన డిఫెన్స్‌మన్ టిమ్ హార్టన్. "మనవాళ్ళెవరైనా ఉన్నారా అన్నా హాకీలో?" అని అడిగాడు. తెలుగువాళ్ళ పేరు నాకు తెలియదు గానీ, పంజాబీ మూలాలున్నవాళ్ళు ఉన్నారు. 1989లో రాబిన్ బావా మొదట ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. గ్వెల్ఫ్ జూనియర్ జట్టు నుంచి మ్యానీ మల్హోత్రా 1998 డ్రాఫ్ట్‌లో ఏడో పేరుగా వెళ్ళాడు. అర్ష్‌దీప్ బెయిన్స్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, అయినా వాంకూవర్ జట్టుకి ఆడాడు. కుర్రాడు ఆ పేర్లు ఫోన్‌లో రాసుకున్నాడు.

సడ్‌బరీ అరీనా 1951 నాటిది. మెట్లు ఇరుకు, పైకప్పు తక్కువ ఎత్తు. లోపల తడి రబ్బరు, పాప్‌కార్న్ కలిసిన వాసన. స్కౌట్లంతా పైన ఒక మూల చేరారు. అందరూ ఒకళ్ళకొకళ్ళు ముప్పై ఏళ్ళుగా తెలుసు. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మాట్లాడుకుంటారు గానీ ఎవరిని చూడ్డానికి వచ్చారో మాత్రం చెప్పుకోరు.

పెద్దాయన నోట్‌బుక్ అరచేతిలో పట్టేంత ఉంటుంది. పెన్ను కాదు, పెన్సిల్. చలికి పెన్ను మొరాయిస్తుందట. పేజీ మధ్యలో రింక్ బొమ్మ గీసుకుని, ఒక్క కుర్రాడి నంబరు మాత్రం రాశారు. అతను దక్షిణ ఒంటారియో నుంచి వచ్చిన జట్టులో డిఫెన్స్‌మన్. పదిహేడేళ్ళు. చిన్నపిల్లాడు కాబట్టి పేరు, జట్టు రాయను.

నాకు ఒక పని అప్పగించారు. అవతలివాళ్ళు పక్‌ని, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళని, మన మూలలోకి కొడతారు. డిఫెన్స్‌మన్ గోల్ వెనక్కి పరిగెత్తి దాన్ని తీసుకోవాలి. వీపు మీదికి ఒక తొంభై కిలోల మనిషి దూసుకొస్తుంటాడు. "పక్ అందుకునేలోపు వీడు తల తిప్పి వెనక్కి ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టు. పక్‌ని చూడకు, వీణ్ణే చూడు" అన్నారు.

పక్‌ని చూడకుండా హాకీ చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అరీనా అంతా ఒకవైపు తిరిగితే మనం ఇంకోవైపు చూడాలి. మొదటి పది నిమిషాలు నా కళ్ళు పక్ వెంటే పోయాయి. తర్వాత మెల్లగా పట్టుబడింది. ఆ కుర్రాడు మూలకి వెళ్తూ ఎడమ భుజం మీదుగా ఒకసారి, రెండడుగులయ్యాక కుడి భుజం మీదుగా ఇంకోసారి తల తిప్పేవాడు. ఇరుకు సందులో స్కూటర్ మలుపు తిప్పేవాడు అద్దంలోకి చూసుకున్నంత మామూలుగా. ఆ అరసెకనులో మీదికొచ్చేవాడు ఎంత దూరంలో ఉన్నాడు, తన జతగాడు ఎక్కడున్నాడు, తప్పించుకునే దారి ఎటు ఉంది, మూడూ తెలిసిపోవాలి. చూడనివాడు పక్ అందుకున్నాక ఆలోచిస్తాడు. అప్పటికి గోడకేసి గుద్దేసి ఉంటారు.

రెండో పీరియడ్‌లో అతను రెండుసార్లూ చూశాడు, మధ్యలోకి పాస్ ఇచ్చాడు, అది అవతలివాడి స్టిక్‌కి తగిలింది. గోల్. సడ్‌బరీ జట్టు పేరు వుల్వ్స్. గోల్ కొట్టినప్పుడల్లా పైకప్పు కింద తీగ మీద ఒక తోడేలు బొమ్మ జారుకుంటూ వస్తుంది, ఊళ వినిపిస్తుంది. జనం లేచి అరుస్తుంటే నేను కాగితం మీద "తప్పు" అని రాశాను. పెద్దాయన నా చేతిలోని పెన్సిల్ తీసుకుని ఆ మాట కొట్టేశారు. "చూశాడు. ఎంచుకున్న చోటు సరైనదే. చేతులు మోసం చేశాయి. పదిహేడేళ్ళ చేతులు బాగుపడతాయి. చూసే అలవాటు లేనివాడికి ఇరవై ఐదేళ్ళప్పుడు నేర్పలేం."

ఆ తర్వాత ఆయన బైనాక్యులర్స్ తీసి బెంచీ వైపు తిప్పారు. కుర్రాడు నెత్తిమీద నీళ్ళు పోసుకున్నాడు, స్టిక్ విసిరికొట్టలేదు, పక్కవాణ్ణి తిట్టలేదు. తర్వాతి షిఫ్ట్‌లో, అంటే ఆడే వంతు మళ్ళీ వచ్చినప్పుడు, అదే మూలకి వెళ్ళాడు, మళ్ళీ రెండుసార్లు చూశాడు, మళ్ళీ మధ్యలోకే ఇచ్చాడు. ఈసారి అందింది. పెద్దాయన పేజీలో గట్టిగా ఒక గీత గీశారు. రాత్రి మొత్తంలో ఆయన అంత గట్టిగా గీసింది అదొక్కటే. ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన అవతలి కుర్రాడి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

నా లెక్క 19కి 17. అంటే మూలకి వెళ్ళిన 19 సార్లలో 17 సార్లు వెనక్కి చూశాడు.

మర్నాడు ఖాళీ. రామ్సే సరస్సు గడ్డకట్టి ఉంది, దాని మీద స్కేటింగ్ దారి వేశారు. చిన్నపిల్లలు కింద పడుతూ లేస్తూ పోతున్నారు. ఆ గట్టు మీద బెంచీలో కూర్చుని పెద్దాయన నోట్‌బుక్ వెనక అట్టలోంచి మడతలు పడిన పాత పేజీ ఒకటి తీసి చూపించారు. అందులో ఒక పేరు, పక్కన "పొట్టి" అని ఒకే ఒక్క మాట. ఒక్క మ్యాచ్ చూసి రాసిందట. ఆ కుర్రాడు తర్వాత పదేళ్ళు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. "మార్టిన్ సెయింట్ లూయీని ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు, వాడు హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. దాత్సుక్ 171వ పేరు, వాడూ అక్కడికే వెళ్ళాడు. 1993లో డేగ్లే మొదటివాడు, ప్రాంగర్ రెండోవాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళింది మాత్రం ప్రాంగరే. అవన్నీ ఊరివాళ్ళ తప్పులు. ఇది నాది" అన్నారు. అప్పట్నించి అయిదు మ్యాచ్‌లు చూడకుండా ఎవరి పేరూ కొట్టేయనని ఒట్టు పెట్టుకున్నారట. నా ఆరు బంతుల సంగతి అప్పుడు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏ చేత్తో వేసేవాడివి?" అని అడిగారు. ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ఆదివారం పొద్దున్నే నార్త్ బే. 17వ నంబరు హైవే మీద దాదాపు 130 కిలోమీటర్లు. అక్కడి బెటాలియన్ జట్టు 2013 దాకా మా మిస్సిసాగా పక్కనే బ్రాంప్టన్‌లో ఉండేది. ఈ మ్యాచ్ కోసమే పెద్దాయన అసలు ఇంత దూరం వచ్చారు. మన కుర్రాడి జట్టుకి నాలుగు రోజుల్లో ఇది మూడో మ్యాచ్, మధ్యలో అంతా బస్సు ప్రయాణమే. "శుక్రవారం కాళ్ళు తాజాగా ఉంటాయి, ఎవడైనా బాగానే కనపడతాడు. కాళ్ళు అయిపోయాక ఏ అలవాటు మిగులుతుందో అది వాడి సొంతం."

మూడో పీరియడ్‌కి నిజంగానే కాళ్ళు అయిపోయాయి. మలుపుల్లో స్కేట్ తేలిపోతోంది, వెనక్కి రావడం ఆలస్యమవుతోంది. ఒకసారి ఎవరో దాటేసి పోయారు కూడా. కానీ మూలకి వెళ్ళిన ప్రతిసారీ ఎడమ, కుడి, పక్. ఆ పీరియడ్‌లో ఎనిమిదికి ఎనిమిది. నేను రెండు చేతులూ బిగించి కూర్చున్నాను, ఎవరో మనింటి పిల్లాడు పరీక్ష రాస్తున్నట్టు.

అయిపోయాక లాబీలో నిలబడ్డాం. కుర్రాళ్ళు సూట్లు వేసుకుని, తడి జుట్టుతో, బస్సు ఎక్కడానికి వస్తున్నారు. మనవాడు ఒక పొడుగాటి మనిషి దగ్గర ఆగాడు. తండ్రి. పెద్దాయన కళ్ళు చటుక్కున తండ్రి భుజాల మీదికి, అక్కణ్నుంచి కొడుకు బూట్ల మీదికి వెళ్ళాయి. ఇంకా రెండంగుళాలు పెరుగుతాడని రాసుకున్నారు. కుర్రాడు జట్టు సామాన్లు మోస్తున్న ముసలాయన చేతిలోంచి ఒక సంచీ అందుకుని బస్సు దాకా తీసుకెళ్ళాడు. అది కూడా రాసుకున్నారు.

11వ నంబరు హైవే మీద చీకటి పడ్డాక లోపలి లైటు వేసుకుని రిపోర్టు చదివి వినిపించారు. స్కేటింగ్ సగటు, మలుపుల్లో బలహీనం. చేతులు సగటు. ఆట తెలివి చాలా బాగుంది. మూడో రౌండ్. మార్చిలో రెండుసార్లు చూడాలి.

"మూడో రౌండా? నేనైతే రెండో రౌండ్‌లో రాస్తాను" అన్నాను.

"ఎన్ని మ్యాచ్‌లు చూశావు?"

"రెండు."

లైటు ఆర్పేసి, "అయితే మార్చిలో కూడా బండి నువ్వే నడపాలి" అన్నారు.