బోరు మోటరు రేడియోకు 915 పెట్టకండి

దేవరకొండ, చండూరు వైపు బత్తాయి తోటల్లోనైనా, కల్వకుర్తి, అచ్చంపేట చెల్కల్లోనైనా ఇల్లు ఒక దిక్కు, బోరు ఒక దిక్కు ఉంటుంది. ఫోన్ సిగ్నల్ లేని గుట్ట వెనక సిమ్ కార్డు స్టార్టర్ పనిచేయదు. అక్కడ ఇంటి నుంచే మోటరు వేయడానికి, ఆపడానికి లోరా (తక్కువ పవర్‌తో చిన్న సందేశాలను దూరం పంపే పద్ధతి) రేడియో మంచి ఉపాయం. నెలనెలా రీచార్జి ఉండదు, అడ్డం లేకపోతే రెండు మూడు కిలోమీటర్లు సులువుగా అందుకుంటుంది. కానీ ఆన్‌లైన్‌లో దొరికే రేడియో మాడ్యూళ్లలో చాలా వాటి మీద 915 అని ఉంటుంది, అంటే 915 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ. పాఠాల్లో దొరికే ప్రోగ్రాముల్లోనూ అదే అంకె. దాన్ని అట్లే ఎక్కిస్తే తప్పు.

902 నుంచి 928 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ అవసరం లేని పట్టీ (బ్యాండ్) అమెరికా వాళ్లది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విభజించింది. ఉత్తర, దక్షిణ అమెరికాలు రెండో రీజియన్‌లో ఉంటే, మనం మూడో రీజియన్‌లో ఉన్నాం. మన దేశంలో 890 నుంచి 915 దాకా మొబైల్ కంపెనీలకు ఇచ్చిన స్పెక్ట్రమ్. మన ఫోన్లు టవర్‌కు మాట పంపేది ఇందులోనే. అమెరికా లోరావాన్ (లోరా పరికరాలు కలిసి పనిచేసే నెట్‌వర్క్ ప్రమాణం) పంపే ఛానెళ్లు 902.3 నుంచి 914.9 వరకు ఉన్నాయి, అంటే అన్నీ టవర్ చెవిలో పడేవే. దూరాన ఉన్న ఫోన్ నుంచి అతి సన్నగా వచ్చే సిగ్నల్‌ను పట్టేందుకు టవర్ రిసీవర్ పెట్టారు. దాని పక్కనే మీ 100 మిల్లీవాట్ల రేడియో మోగితే ఊళ్లో కాల్స్ తెగొచ్చు. 108కు చేసే కాల్ కూడా వాటిలో ఉండొచ్చు. నా దృష్టిలో చట్టం కన్నా ఇదే పెద్ద కారణం.

మనకు విడిచిన పట్టీ 865 నుంచి 868. 2005లో 867 వరకు ఇచ్చారు, 2021లో 868 దాకా పెంచారు. 2005 నిబంధనలో ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు, సిగ్నల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించకూడదు. యూరప్ సరుకు అయితే సరిపోతుందనుకోకండి. అక్కడి మామూలు ఛానెళ్లు 868.1, 868.3, 868.5. మూడూ మన గీత దాటినవే. లోరావాన్ మన దేశానికి పెట్టిన ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985. సొంతంగా పెట్టుకునేవాళ్లు 866 చుట్టుపక్కల ఉండండి. కచ్చితంగా 868.0 మీద పెడితే 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌లో సగం బయటికి పోతుంది.

915 అని అమ్మిన మాడ్యూల్ చాలాసార్లు 868, 915 రెండింటికీ ఒకే బోర్డు. ప్రోగ్రాంలో అంకె మార్చితే 866లో పలుకుతుంది. 433 బోర్డు మాత్రం అట్లా మారదు, దాని లోపలి కాయిళ్లే వేరు. యాంటెన్నా కూడా 868ది కొనండి. పావు తరంగం తీగ 866కు సుమారు 8.6 సెంటీమీటర్లు, 433కు 17 దాటుతుంది. యాంటెన్నా బిగించకుండా ఎప్పుడూ ట్రాన్స్‌మిట్ చేయకండి, చిప్ పోవచ్చు. కొనేముందు అమ్మేవాళ్లను ఈటీఏ (పరికరం రకానికి ఇచ్చే అనుమతి) సర్టిఫికెట్ అడగండి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చేది అదే.

ఇక బిగింపు సంగతి. ఇనుప స్టార్టర్ డబ్బాలో యాంటెన్నా పెడితే సిగ్నల్ బయటికి రాదు. సన్నని ఆర్‌జీ174 కేబుల్ పది మీటర్లు లాగితే సుమారు 10 డెసిబెల్స్ పోతాయి, అంటే పదింట ఒక వంతే మిగులుతుంది. అందుకే రేడియో బోర్డునే పైపు మీద పైకి ఎక్కించి, రిలే (మోటరును వేసి ఆపే చిన్న స్విచ్) తీగలు కిందికి దించండి. రెండు కిలోమీటర్ల దూరానికి నడిమధ్యన తరంగానికి కావలసిన ఖాళీ వ్యాసార్థం 13 మీటర్లు, అందులో పదింట ఆరు వంతులైనా, అంటే దాదాపు 8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి. బత్తాయి చెట్లు ఎదిగాక నిరుడు పనిచేసిన లింకు ఈ ఏడు ఆగిపోవడానికి కారణం ఇదే.

అందలేదని వెంటనే ఎస్ఎఫ్12కు పోకండి. ఎస్ఎఫ్ అంటే లోరాలో ఒక సెట్టింగు, అంకె పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. 20 బైట్ల సందేశం ఎస్ఎఫ్7లో 60 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది, ఎస్ఎఫ్12లో 1.3 సెకన్లు గాలిని ఆక్రమిస్తుంది. చుట్టూ పది బోర్లు ఇట్లాగే ఉంటే ఒకదాని మాట మీద ఇంకొకటి పడుతుంది. ముందు యాంటెన్నా ఎత్తు పెంచండి.

బోర్డు మోటరు ఆగినప్పుడల్లా రీసెట్ అవుతుంటే దోషం రేడియోది కాదు, స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ వదిలే వోల్టేజి దెబ్బది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్స్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిపిన జోడి వేయండి. చాలా స్టార్టర్లలో కాయిల్ 415 వోల్టుల మీద నడుస్తుంది, కాబట్టి కెపాసిటర్ రేటింగ్ కనీసం 440 వోల్టుల ఏసీ ఉండాలి. ఈ పని కరెంటు పూర్తిగా తీసేశాకే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

లైసెన్స్ లేని పట్టీలో ఎవరి మాటకూ రక్షణ లేదు, పక్క పొలం వాళ్ల రేడియో కూడా అక్కడే ఉంటుంది. ప్రతి సందేశానికి సొంత గుర్తు నంబరు, ప్రతిసారీ పెరిగే లెక్క, ఏఈఎస్ (సందేశాన్ని గుప్తంగా మార్చే పద్ధతి) తాళం పెట్టండి. ఆన్ ఆదేశం పదిహేను నిమిషాలకే చెల్లాలి, కొత్తది రాకపోతే మోటరు దానంతటదే ఆగాలి. తిరుగు జవాబులో రిలే పడిందని కాదు, తీగలో కరెంటు నిజంగా పారుతోందా అని కరెంటు సెన్సర్ కొలిచి చెప్పాలి. ఫేజు పోయినా, బోరు ఎండినా దూరాన ఉన్న మనిషికి అప్పుడే తెలుస్తుంది. మోటరు మీద చెయ్యి పెట్టేవాళ్లు మాత్రం ఫోన్‌లో ఆఫ్ చూసి నమ్మొద్దు, మెయిన్ స్విచ్ దించి ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి.