జమ్మూలో నిర్జల ఏకాదశి

వైష్ణోదేవి వెళ్ళొచ్చిన వాళ్ళు కొండ కింద ఉండే కత్రా ఊరి గురించి చెప్తారు, కొండ నడక గురించి, గుర్రాల గురించి, అర్ధకువారీ గుహ దగ్గర గంటలకొద్దీ కూర్చోడం గురించి చెప్తారు, జమ్మూ మాటొస్తే మాత్రం ట్రైన్ దిగి బస్సెక్కేశాం అంటారు అంతే. ఇప్పుడైతే దిగాల్సిన పని కూడా లేదు, 2014 నుంచి రైళ్ళు తిన్నగా కత్రాకే పోతున్నాయి, మేం బెజవాడలో ఎక్కిన అండమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా కత్రా దాకా వెళ్ళేదే. అయినా అమ్మ రఘునాథ్ మందిర్ చూడాల్సిందే అంది కాబట్టి జమ్మూలో దిగి ఒక రోజు ఆగాం. యాత్రంతా బాగానే జరిగింది, అమ్మవారి దర్శనం బ్రహ్మాండంగా అయింది, కానీ నాకు ఇప్పటికీ కళ్ళముందు తిరిగేది మాత్రం ఆ జమ్మూ రోజే.

అమ్మ, పెద్దమ్మ, నేను, ముగ్గురమే. జూన్ నెల. టికెట్లు తీసుకునేటప్పుడు ఎండ సంగతి ఆలోచించాను గానీ తిథి సంగతి ఆలోచించలేదు. ట్రైన్‌లో నాగ్‌పూర్ దాటాక అమ్మ చిన్న పంచాంగం తీసి చూసి, ఎల్లుండి మనం దిగేది జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి రోజే, ఎంత అదృష్టం అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే అది నిర్జల ఏకాదశి. నాన్న పోయినప్పట్నుంచీ అమ్మ ఏ ఏకాదశీ వదల్లేదు, మిగతావాటికి పాలో పండో తీసుకుంటుంది, ఈ ఒక్కదానికి మాత్రం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. భీముడికి ఆకలి ఆగదు కదా, ఏడాదిలో వచ్చే ఏకాదశులన్నీ ఉండలేను తాతా అంటే వ్యాసుడు ఈ ఒక్కటీ నీళ్ళు కూడా లేకుండా ఉండు, అన్నిటి ఫలం వస్తుంది అన్నాడట. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఉంటే సరే, జూన్‌లో నలభై దాటే ఊళ్ళో, రెండు రాత్రులు స్లీపర్‌లో వచ్చి, అరవై మూడేళ్ళ మనిషి, పైగా బీపీ.

ఝాన్సీ నుంచి ఢిల్లీ దాకా ఇదే గొడవ మాకు. చివరికి పెద్దమ్మే దారి చూపించింది. మందుకి దోషం లేదే, ఆచమనానికీ దోషం లేదు, మినపగింజ మునిగేంత నీళ్ళతో మాత్ర వేసుకో అంది. అమ్మ అక్క మాట కాదనదు. సరే అంది.

కఠువా స్టేషన్ వచ్చేసరికి పెద్దమ్మ ఫోన్, అమ్మ ఫోన్ రెండూ సిగ్నల్ పోయాయి. ఇది వెళ్ళేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోండి, బయట రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. నాది పోస్ట్‌పెయిడ్ కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంట్లోవాళ్ళు రెండు రోజులు కంగారు పడేవాళ్ళు.

మూడో రోజు పొద్దున జమ్మూ తవి స్టేషన్‌లో దిగాం. తవి అంటే నది పేరు. మేం బెజవాడ మనుషులం, ఎండ మాకు కొత్త కాదు, కానీ ఇది వేరే ఎండ. మన దగ్గర ఉక్కపోస్తుంది, చెమట కారిపోతుంది, దాహం వెంటనే తెలుస్తుంది. అక్కడ గాలి పొడిగా పొయ్యి మీంచి వచ్చినట్టు వస్తుంది, చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, పెదాలు పగిలి నాలుక అంటుకుపోయినప్పుడు గానీ ఒంట్లో నీళ్ళు అయిపోతున్నాయని తెలీదు. నాకు అదే భయం, అమ్మ కళ్ళలోకే చూస్తున్నాను కళ్ళు తిరుగుతున్నాయేమో అని.

స్టేషన్ దగ్గర ఒక ధర్మశాలలో ఏసీ రూమ్ బుక్ చేశాను, వెళ్తే ఏసీ పనిచెయ్యట్లేదన్నారు, కూలర్ పెడతామన్నారు, కూలర్ పెట్టిన పది నిమిషాలకి కరెంట్ పోయింది. నేను కౌంటర్ దగ్గర గొంతు పెంచాను. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, వ్రతం నాడు నా వల్ల ఎవరితోనూ మాట పడొద్దు తల్లీ అంది. స్నానాలు చేసి బయటపడ్డాం.

అక్కడ మినీబస్సుల్ని మెటాడోర్ అంటారు. అదెక్కి తవి వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళాం. వంతెన మీంచి చూస్తే నదిలో సగం రాళ్ళే, నీళ్ళు సన్నగా పాయలుగా పోతున్నాయి. ఇదే నది దగ్గర జంబులోచనుడనే రాజు పులీ మేకా ఒకేచోట నీళ్ళు తాగడం చూసి, ఇంత శాంతమైన చోటా ఇది అని ఊరు కట్టించాడని కథ. నీళ్ళ దగ్గరే పుట్టిన ఊరన్నమాట. మేం వచ్చిన స్టేషన్ వైపు ఒడ్డునే గుట్ట మీద బాహు కోట, అందులో బావే వాలీ మాత గుడి ఉంది, దానికి అమ్మ వంతెన మీంచే దండం పెట్టుకుంది.

రఘునాథ్ బజార్‌లో దిగి పది అడుగులు వేశామో లేదో ఎదురుగా షామియానా, కింద పెద్ద పెద్ద డ్రమ్ములు, ఐసు దిమ్మలు, పాలు నీళ్ళు రూహ్ అఫ్జా కలిపిన గులాబీ రంగు షర్బత్. పిల్లలు రోడ్డుకి అడ్డం పడి మరీ మెటాడోర్లూ ఆటోలూ ఆపి గ్లాసులు అందిస్తున్నారు. ఛబీల్ అంటారు దాన్ని. ఇంకొంచెం ముందుకెళ్తే ఇంకోటి, సందు మలుపులో ఇంకోటి. నిర్జల ఏకాదశి అక్కడ పెద్ద పండగ, తాము తాగకుండా పక్కవాడి దాహం తీర్చే రోజు. విసనకర్రలు, మట్టి కుండలు, కర్బూజాలు దానం ఇస్తారు, షాపుల ముందు ఆ విసనకర్రలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మా ఊళ్ళో చలివేంద్రాలు చూశాను, శ్రీరామనవమికి పానకం పందిళ్ళు చూశాను, కానీ ఒక ఊరు ఊరంతా ఇలా నీళ్ళు చేత్తో పట్టుకుని రోడ్డు మీద నిలబడటం నేనెక్కడా చూళ్ళేదు.

ముందు గుడికి వెళ్ళాం. ఫోన్లూ బ్యాగులూ లోపలికి రానివ్వరు, 2002లో ఆ గుడి మీద రెండుసార్లు ఉగ్రవాదుల దాడి జరిగింది, అందుకే అంత తనిఖీ. గులాబ్ సింగ్ 1835లో మొదలుపెట్టిస్తే ఆయన కొడుకు రణ్‌బీర్ సింగ్ 1860లో పూర్తి చేయించాడు. నడిమి మందిరంలో రాముడు, చుట్టూ వేరేవేరే గుళ్ళు, కొన్నింట్లో గోడల పొడుగునా వరసలు వరసలుగా సాలగ్రామాలు. మన ఇళ్ళల్లో ఒక్క సాలగ్రామం ఉంటే దానికి ఎంత నియమం, రోజూ అభిషేకం, నైవేద్యం, మడి, అలాంటిది అక్కడ చూపు ఆనినంత దూరం సాలగ్రామాలే. ఏకాదశి నాడు విష్ణుమూర్తిని ఇన్ని రూపాల్లో చూస్తాననుకోలేదే అక్కా అని అమ్మ ఏడ్చేసింది. పాలరాయి నేల కాలిపోతోంది, గోనెపట్టాలు తడిపి పరిచారు గానీ అవి కూడా నిమిషాల్లో ఆరిపోతున్నాయి. అమ్మ మాత్రం ప్రతి గుడి దగ్గరా ఆగింది, పెదాలు కదులుతున్నాయి, విష్ణుసహస్రనామం చదువుకుంటోందని నాకు తెలుసు, ఎండిన నోటితో అన్ని పేర్లు ఎలా పలుకుతోందో అని నేను వెనక నడుస్తూ ఉన్నాను.

బయటికొచ్చేసరికి ఒంటిగంట. ఇక రూమ్‌కి పోదాం అన్నాను. ఛబీల్ దగ్గర అమ్మ వయసావిడ ఒకావిడ గ్లాసు తీసుకుని ఎదురొచ్చింది, లో మాతాజీ, పియో అంటూ. అమ్మకి హిందీ రాదు, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఏకాదశి అంది. ఆవిడకి అర్థమైపోయింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మేరా భీ అంది. ఆవిడ కూడా పొద్దున్నుంచీ ఒక్క చుక్క ముట్టలేదు, ముట్టకుండానే అంతమందికీ పోస్తోంది. ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని అలా నిలబడిపోయారు. తర్వాత అమ్మ కొంగు బొడ్లో దోపి ఒక ట్రే తీసుకుంది.

నేను వద్దంటే వద్దన్నాను. పెద్దమ్మ నన్ను ఆపింది, నీడలోనేగా ఉంది, ఐసు పక్కనేగా, ఉండనీ అని. రెండు గంటలు. పోలీసులకి, రిక్షావాళ్ళకి, స్కూటర్ మీద పోయేవాళ్ళకి, మనలాగే బ్యాగులు మోసుకుంటూ తిరిగే యాత్రికులకి, అమ్మ వంగి వంగి గ్లాసులు అందిస్తూనే ఉంది, తెలుగులోనే, తాగు నాయనా, తాగమ్మా అంటూ. ఎవరికీ అర్థం కాకపోలేదు. ఐసు నీళ్ళు ఆవిడ మణికట్టు మీంచి మోచేతి దాకా కారుతున్నాయి, నాలుక తడుపుకోలేదు. నేను నాలుగు గ్లాసులు తాగాను, తాగినప్పుడల్లా గొంతులో అడ్డం పడినట్టు ఉంది.

మధ్యలో పెద్దమ్మ బలవంతం మీద నేను వెళ్ళి రాజ్మా చావల్ తిన్నాను, పైన నెయ్యి, పక్కన పుల్లగా అనార్దానా చట్నీ, చాలా బాగుంది, జమ్మూ వెళ్తే అది తినకుండా రావొద్దు. తిరిగొచ్చేసరికి అమ్మ ఒక బల్ల మీద కూర్చుని ఉంది, ఆ జమ్మూ ఆవిడ విసనకర్రతో విసురుతోంది. అమ్మ ముఖం పాలిపోయి ఉంది. నేను కంగారుపడితే, ఏం లేదు, కాస్త కూర్చోమన్నారు అంతే అంది. ఇక నేను వినలేదు, ఆటో పిలిచాను. ఎక్కేముందు ఆవిడ ఆ విసనకర్ర, ఒక చిన్న మట్టి కుండ అమ్మ చేతిలో పెట్టి వంగి కాళ్ళకి దండం పెట్టబోతే అమ్మ పట్టుకుని ఆపింది. పేర్లు కూడా అడుక్కోలేదు ఇద్దరూ.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తడిగుడ్డ పిండి అమ్మ నుదుటి మీద, అరికాళ్ళ మీద వేస్తూ, కరెంట్ పోయినప్పుడల్లా ఆ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. రాత్రి మాత్ర వేళకి ఉద్ధరిణెతో నీళ్ళు పోశాను, మినపగింజ మునిగేంతే, ఇంకొంచెం పోద్దామని చెయ్యి ఎంత లాగిందో చెప్పలేను, పొయ్యలేదు. తను నన్ను నమ్మి కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది కదా, ఎలా పోస్తాను.

తెల్లవారి ద్వాదశి. సూర్యోదయం అవగానే అమ్మ స్నానం చేసి, రాత్రంతా ఆ కుండలో ఉంచిన నీళ్ళు గ్లాసులోకి వంచి, ఇంటి నుంచి తెచ్చుకున్న తులసి దళం వేసి, నిలబడకుండా కూర్చుని, నెమ్మదిగా తాగింది. పూర్తిగా తాగాక ఇంకో గ్లాసు తాగింది. మట్టి వాసన ఎంత బాగుందో చూడు అని మూడోది నాకిచ్చింది.

కుండ కొండ మీదికి తీసుకెళ్ళలేం కదా. అమ్మ దాన్ని నిండా నింపి, ధర్మశాల గేటు పక్కన నీడలో ఇటుకల మీద పెట్టి, పైన గ్లాసు బోర్లించి, వాచ్‌మన్‌కి సైగ చేసి చూపించింది. తర్వాత కత్రా బస్సెక్కాం, అమ్మ కిటికీ పక్కన కూర్చుని నగరోటా దాటకముందే నిద్రపోయింది.