క్యాంపస్‌లో కూరగాయల తోట పెడితే జులైలో వద్దు

నెల్లూరు చుట్టుపక్కల కాలేజీల్లో, యూనివర్సిటీల్లో తోట పెట్టాలనుకునే పిల్లలు అడిగితే నేను ముందు చెప్పేది ఒక్కటే, జులైలో మొదలుపెట్టొద్దు. వనమహోత్సవం 1950 నుంచి జులై మొదటి వారంలో జరుగుతోంది, దేశంలో చాలా చోట్ల అప్పుడు వానలుంటాయి కాబట్టి వాళ్ళకది సరిపోతుంది. మనకి నైరుతిలో పడేవి అరకొర జల్లులే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. జులైలో నాటిన మొక్క ఆగస్టు ఎండకి మాడిపోతే పిల్లలకి శ్రద్ధ లేదంటారు, అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మా క్యాంపస్‌లో హాస్టల్ వెనక ఖాళీ జాగాలో పిల్లలు, స్వీపింగ్ పనికొచ్చే అక్కలు, వాచ్‌మన్ అన్న కలిసి మడులు కట్టుకున్నారు. మడి కట్టే రోజున ఒక అక్క చీపురు పక్కన పెట్టి వచ్చి, "ఆడ నీళ్ళు నిలబడతాయి అబ్బయ్యా, మట్టి జానెడు ఎత్తన్నా పొయ్యండి" అంది. నిజమే, మన దగ్గర నవంబర్‌లో మొక్క ఎండి చావదు, వేరు కుళ్ళి చస్తుంది. మడి ఎత్తుగా ఉండి, మధ్యలో కాలువ తీసుంటే రెండు మూడు రోజులు ముసురు పట్టినా వంగ నారు నిలబడుతుంది. ఈ సంగతి ఏ ల్యాబ్ మాన్యువల్‌లోనూ కనబడలేదు నాకు.

ఎరువు సంగతికొస్తే జీవామృతం. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అని లెక్క. మాది సెంట్లలో ఉన్న చోటు కాబట్టి అందులో పదో వంతు, ఒక పెద్ద బకెట్‌లో కలిపి, గోనెపట్టా కప్పి నీడలో పెడతారు. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి. రెండో రోజుకి పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది, మొదటిసారి చూసిన అమ్మాయిలు ముక్కు మూసుకున్నారు, తర్వాత వాళ్ళే వంతులేసుకుని తిప్పారు.

అక్టోబర్‌లో మొదలుపెడితే ఇంకో లాభం కూడా ఉంది. అప్పుడు పిల్లలు క్యాంపస్‌లోనే ఉంటారు. తోటకూర నెల లోపే కోతకొస్తుంది, గోంగూర, బెండ ఆ వెనకే, సంక్రాంతి సెలవులకి వాచ్‌మన్ అన్న నీళ్ళు చూసుకుంటే చాలు, వేసవి సెలవులొచ్చేసరికి తోట పని దాదాపు అయిపోయుంటుంది. మేలో ఎవరు నీళ్ళు పోస్తారని ఎవరికీ టెన్షన్ ఉండదు. రోహిణి కార్తెలో మడుల మీద వరిగడ్డి పరిచి వదిలేసి, మునగ, కరివేపాకు, పొదలకూరు నుంచి తెచ్చిన నిమ్మ మొక్కలు, వీటికి మాత్రమే నీళ్ళు చూసుకోవాలి.

కోసింది ఎవరికనేది ముందే మాట్లాడుకోవాలి, దీని మీద నేను గట్టిగా ఉంటాను. మడిలో చెయ్యి పెట్టిన అక్కలకి మొదటి వాటా, మిగిలింది హాస్టల్ మెస్‌కి. తోటకూర కట్ట పట్టుకుని ఇంటికెళ్ళే అక్క మర్నాడు పొద్దున ఎవరూ చెప్పకుండానే వచ్చి కలుపు పీకుతుంది.

ఈసారి చిత్త కార్తెకి పొట్ల, గోరుచిక్కుడు కూడా వేద్దామనుకుంటున్నాం. ఒంగోలు వైపు గానీ, కావలి వైపు గానీ ఎవరింట్లోనన్నా నాటు విత్తనాలు దాచుకున్నవి ఉంటే పిడికెడు ఇవ్వండి, కాపు అయ్యాక రెండింతలు తిరిగిస్తాం.