డ్రాఫ్ట్‌లో మొదటి పది పేర్లు ముందే రాసిన ఏడాది

2024 ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్‌లోని టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం, మా డెట్రాయిట్‌లో జరిగింది. మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో, డౌన్‌టౌన్‌కి కారులో అరగంట. ఆఫీసులో మా టీమ్ వాళ్లు ఏటా ఒక పందెం వేసుకుంటారు, డబ్బులేం ఉండవు, గెలిచినవాళ్లకి మిగతావాళ్లు లంచ్ పెట్టించాలి. మొదటి పది ఎంపికలు వరుసగా రాసివ్వాలి. పేరూ స్థానమూ రెండూ కలిస్తే మూడు పాయింట్లు, పేరు పదిలో ఉండి స్థానం తప్పితే ఒకటి. ఇన్నేళ్లూ నేను అందులో చేరలేదు, ఆ ఏడాది చేరానంటే మా అబ్బాయి వల్లే. వాడికి పదమూడేళ్లు. "నాన్నా, డ్రాఫ్ట్ మన ఊరికే వస్తోంది, ఈసారి మనిద్దరం కలిసి రాద్దాం" అన్నాడు. జనవరిలోనే ఒక నోట్‌బుక్ తెచ్చి, టీమ్‌కి ఒక పేజీ చొప్పున పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ముందు సీటు ఎంచుకుంటారు కదా, ఇక్కడ అంతా తిరగేసి ఉంటుంది. ఎంచుకునేది టీమ్, ఎంపికయ్యేది కాలేజీలో ఆడిన కుర్రాడు, అదీ కిందటి సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన టీమ్‌కి మొదటి వంతు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన టీమ్‌కి 32వ వంతు. ఐపీఎల్ వేలంలా పాట పాడటం ఉండదు. కాకపోతే ఎవరి వంతునైనా ఇంకొకరికి ఇచ్చేసి బదులుగా వేరే వంతులనో, ఆటగాళ్లనో తీసుకోవచ్చు. 2023 సీజన్‌లో 17 మ్యాచ్‌ల్లో రెండే గెలిచిన కరోలైనా పాంథర్స్‌కి రావలసిన మొదటి వంతు చికాగో బేర్స్ చేతిలో ఉండటానికి కారణం అదే, పాంథర్స్ దాన్ని ఏడాది ముందే ఒక ఒప్పందంలో ఇచ్చేసుకున్నారు.

మొదట్లో మేం చేసిన పని, మా కళ్లకి బాగా ఆడినవాళ్లని పదిమందిని వరుసగా పేర్చడం. ఫిబ్రవరి చివర్లో ఇండియనాపొలిస్‌లో కంబైన్ అనే శారీరక పరీక్షలు మొదలయ్యాక ఇంకా పాడైంది. అక్కడ 40 గజాల పరుగు, ఎగిరే ఎత్తు అన్నీ కొలుస్తారు. జేవియర్ వర్తీ 4.21 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టగానే మావాడు అతన్ని పదిలోకి ఎక్కించేశాడు, నేనూ సరే అన్నాను. (అతను చివరికి 28వ స్థానంలో వెళ్లాడు.)

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు, పుట్టి పెరిగింది మిషిగన్‌లోనే, ఏళ్ల తరబడి ఈ పందెంలో ఆడుతున్నారు. నా కాగితం చూసి ఒకటే మాట చెప్పారు: ఆటగాళ్ల లిస్టు పక్కన పెట్టు, ఏ టీమ్‌కి ఎక్కడ మనిషి లేడో ముందు అది రాసుకో, ఆ తర్వాత అక్కడ నిర్ణయం తీసుకునేది ఎవరో, ఆయన పాత అలవాట్లేమిటో చూడు. మా లెక్క అక్కడే మారింది. మార్చి అంతా రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చునేవాళ్లం, మా ఆవిడ టేబుల్ ఖాళీ చేయమని ఎన్నిసార్లు చెప్పిందో.

అలా చూడటం మొదలుపెట్టాక మొదటి నాలుగు తేలిగ్గానే తెగాయి. మార్చి మధ్యలో బేర్స్ తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జస్టిన్ ఫీల్డ్స్‌ని పిట్స్‌బర్గ్‌కి పంపేశారు, అంటే కేలబ్ విలియమ్స్ వస్తున్నట్టే. వాషింగ్టన్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి, జేడెన్ డేనియల్స్. న్యూ ఇంగ్లండ్‌కీ అదే అవసరం, డ్రేక్ మే. ఆ మూడో వంతు కోసం వేరే టీమ్‌లు గట్టిగా అడుగుతున్నాయని వార్తలొస్తుంటే కాస్త టెన్షన్ పడ్డాం కానీ మార్చలేదు. అరిజోనాకి కైలర్ మరే ఉన్నాడు కాబట్టి అతనికి బంతి అందుకునే రిసీవర్, మార్విన్ హ్యారిసన్ జూనియర్.

అయిదో దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. చార్జర్స్ ఆ మార్చిలోనే తమ ఇద్దరు పెద్ద రిసీవర్లనీ వదులుకున్నారు, మైక్ విలియమ్స్‌ని తీసేశారు, కీనన్ అలెన్‌ని బేర్స్‌కి ఇచ్చేశారు. ఎవరు చూసినా అక్కడ రిసీవర్ పేరే రాస్తారు, మేమూ మలీక్ నేబర్స్ అని రాశాం. కానీ చార్జర్స్‌కి కొత్త కోచ్ ఎవరు? జిమ్ హార్బా. జనవరిలో మిషిగన్ యూనివర్సిటీకి జాతీయ టైటిల్ గెలిపించి అక్కడికి వెళ్లాడు. ఆయన టీమ్‌లు ఎలా ఆడతాయో ఇక్కడివాళ్లకి కొట్టిన పిండి, ముందు లైన్‌లో బలమైన కుర్రాళ్లని నిలబెట్టి బంతిని నేల మీద మోయించడం. 2021, 2022ల్లో దేశంలోకెల్లా మంచి లైన్‌కి ఇచ్చే అవార్డు వరసగా మిషిగన్‌కే వచ్చింది. ఇది గుర్తుకొచ్చిన రాత్రి నేబర్స్ పేరు కొట్టేసి నోటర్ డామ్ యూనివర్సిటీ టాకిల్ (ముందు లైన్ చివర నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు) జో ఆల్ట్ పేరు రాశాం, నేబర్స్‌ని ఆరో స్థానంలో జెయింట్స్‌కి జరిపాం. ఈ మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఈ ఒక్క మార్పే.

ఏడు, టెనసీ. వాళ్లకి ఎడమ టాకిల్ కావాలి, ఎడమ వైపు ఆడినవాళ్లలో మిగిలిన మంచి ఆటగాడు ఒలు ఫషాను, అందుకని అతని పేరు. తొమ్మిదిలో మళ్లీ బేర్స్, కొత్త క్వార్టర్‌బ్యాక్ వస్తున్నాడు కాబట్టి అతనికి తోడుగా రోమ్ ఒడుంజే. పదిలో జెట్స్‌కి బ్రాక్ బవర్స్. ఎనిమిది గురించి మాత్రం పెద్దగా ఆలోచించనే లేదు. అట్లాంటా అప్పటికి నెలన్నర కిందటే కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకి 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. క్వార్టర్‌బ్యాక్ ప్రశ్న అక్కడ ముగిసిందనుకుని, అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకే మనిషి వాళ్లకి చాలా కాలంగా లేడు కాబట్టి అలబామా యూనివర్సిటీ కుర్రాడు డల్లస్ టర్నర్ అని రాసేసి పేజీ తిప్పేశాం.

ఏప్రిల్ 25 సాయంత్రం ఎనిమిదింటికి మొదలు. మేం నాలుగింటికే డౌన్‌టౌన్ చేరినా క్యాంపస్ మార్షియస్ దగ్గర వేదిక కనిపించేంత దగ్గరికి వెళ్లలేకపోయాం, దూరంగా ఒక పెద్ద తెర ముందు నిలబడ్డాం. మూడు రోజుల్లో కలిపి 7,75,000 మందికి పైగా వచ్చారట, అప్పటిదాకా డ్రాఫ్ట్‌కి ఎప్పుడూ అంతమంది రాలేదు. మా తిరునాళ్లలో కూడా నేనింత జనాన్ని చూడలేదు. ఒక్కో టీమ్‌కి పది నిమిషాల గడువు. విలియమ్స్, డేనియల్స్, మే, హ్యారిసన్, ఒక్కో పేరు చదివినప్పుడల్లా మావాడు కాగితం మీద టిక్ పెడుతున్నాడు. అయిదో పేరుగా జో ఆల్ట్ అనగానే వాడు నా భుజాలు పట్టుకుని ఊపేశాడు, పక్కనున్న ముక్కూముఖం తెలియనివాళ్లు కూడా మా కాగితం చూసి వీపు తట్టారు. ఆరు, నేబర్స్. ఆరుకి ఆరు.

ఏడులో టెనసీ, అలబామాలో కుడి వైపు ఆడిన జేసీ లేథమ్‌ని తీసుకుంది. అతన్ని ఎడమకి మార్చుకోవచ్చని మాకు తట్టలేదు. ఎనిమిదికి అట్లాంటా వంతు వచ్చినప్పుడు కూడా నాకు అనుమానం లేదు. మైకేల్ పెనిక్స్ జూనియర్ అన్నారు. వాషింగ్టన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్. జనమంతా ఒక్కసారి "ఆ?" అన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది, కజిన్స్‌కి అప్పటికే 35 ఏళ్లు, కిందటి అక్టోబర్‌లో మడమ వెనక అకిలీస్ అనే పెద్ద స్నాయువు తెగి సీజన్ మధ్యలో ఆగిపోయాడు, ఇవన్నీ మాకు తెలిసిన సంగతులే. మేం ఆ డబ్బు అంకె చూశాం, ఆ టీమ్ నాలుగేళ్ల తర్వాతి సంగతి చూసుకుంది. పెద్దాయన చెప్పిన ప్రశ్న, అక్కడ మనిషి ఉన్నాడా లేడా అన్నది, అట్లాంటా పేజీలో క్వార్టర్‌బ్యాక్ గురించి ఒక్కసారి కూడా వేసుకోలేదు మేము.

వెంటనే తొమ్మిదో పేరుగా ఒడుంజే వచ్చాడు, పెనిక్స్ విసిరిన బంతులు కాలేజీలో అందుకున్నది అతనే, ఇద్దరూ పక్కపక్క స్థానాల్లో వెళ్లారు. పదికి మినసోటా జెట్స్‌తో ఒప్పందం చేసుకుని ఒక్క మెట్టు పైకొచ్చి మిషిగన్ కుర్రాడు జేజే మెకార్తీని తీసుకుంది, ఇక ఆ వీధిలో నా మాట నాకే వినిపించలేదు. జనవరిలో జాతీయ ఫైనల్ ఆడిన ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ మా లిస్టులో లేరు. ఏడు సరైనవి, 21 పాయింట్లు. మాతో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒక సహోద్యోగి మెకార్తీని పదిలోనే రాసి 24తో గెలిచింది.

మేం తప్పు రాసిన ముగ్గురూ ఆ తర్వాత 11, 13, 17 స్థానాల్లో వెళ్లారు. మావాడు పేరు చదివినప్పుడల్లా ఒక్కొక్కరినీ కాగితం అడుగున రాసుకుంటూ వచ్చాడు. ఇంటికి పోదాం, రేపు బడి ఉంది అంటే వినలేదు, మన డెట్రాయిట్ టీమ్ లయన్స్ వంతు దాకా ఉండాల్సిందే అన్నాడు. 29లో ఉన్న లయన్స్ 24కి ఎగబాకి అలబామా కార్నర్‌బ్యాక్ (అవతలి రిసీవర్లని అడ్డుకునేవాడు) టెరియన్ ఆర్నల్డ్‌ని తీసుకున్నప్పుడు వీధి వీధంతా ఊగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కారులో వాడు నిద్రపోతాడనుకున్నాను. ఫోన్ లైటు వేసుకుని, నోట్‌బుక్‌లో అట్లాంటా పేజీ తీసి ఏదో రాసుకుంటున్నాడు.