బట్టలు ఎన్నింటికి ఆరతాయండి?

పెళ్లి రాజమండ్రిలో అనగానే నేను ముందు చూసుకున్నది ముహూర్తం కాదు, మర్నాడు మొక్కల కోసం పక్కనే ఉన్న నర్సరీల ఊరు కడియం వెళ్లిరావడానికి వీలవుతుందా లేదా అని. రాత్రి రైలుకి తిరుగు టికెట్ ఉంది కాబట్టి పగలంతా నాదే. పెళ్లి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కంద బచ్చలి కూర బాగుంది, రెండుసార్లు వడ్డించుకున్నాను.

మా ఫ్లాట్ మియాపూర్‌లో, నాలుగో అంతస్తు. రెండేళ్లలో నేను చంపిన మొక్కల లెక్క చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఒక కాగితాల పూల చెట్టు, రెండు క్రోటన్లు, ఇన్‌స్టాలో చూసి మోజుపడి 900 పోసి కొన్న ఫిడిల్ లీఫ్ ఫిగ్. చివరిది పోయిన రోజు మా ఆయన ఇంకేం మాట్లాడకుండా బేగంబజార్ వెళ్లి నిలువెత్తు ప్లాస్టిక్ అరెకా పామ్ పట్టుకొచ్చాడు. 1,800 అట. "దీనికి నీళ్లక్కర్లేదు, నీ మీద అలగదు" అన్నాడు. అలగలేదు నిజమే. కానీ దుమ్ము! మెట్రో రోడ్డు దుమ్మంతా దాని ఆకుల మీదే. ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడుచుకుంటూ పోతే గంట పడుతుంది. బాల్కనీ తలుపు వైపున్న ఆకులు వెలిసిపోయి అదోరకం నీలంలోకి వచ్చాయి. చావని మొక్కకి కూడా చాకిరీ తప్పలేదు.

రాజమండ్రి బస్టాండు కాంప్లెక్స్‌లో రావులపాలెం బస్సెక్కి, కడియం నర్సరీలుండే కడియపులంకలో దిగాను. వేమగిరి దాటగానే రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే. మన ఊళ్లో రోడ్డు పక్క బిర్యానీ సెంటర్లు ఎన్నో, ఇక్కడ నర్సరీలు అన్ని. లారీల్లో పామ్ చెట్లు నిలబడి ఉన్నాయి, ఆకులన్నీ పైకి దగ్గరికి లాగి తాడుతో కట్టేసి, తలంటుకుని ముడేసుకున్న ఆడవాళ్లలాగా. పక్క సీటు పెద్దాయన, "ఇదంతా కాటన్ దొర చలవమ్మా" అన్నాడు. గోదావరి జిల్లాలో ఏ మాట మొదలెట్టినా అక్కడికే చేరుతుంది. 1852లో కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాకే కదా ఈ లంకల్లో, ఈ ఒండ్రు నేలల్లో ఏడాది పొడుగునా నీళ్లకి లోటు లేకుండా పోయింది. నీళ్ల ట్యాంకర్‌కి వంతులేసుకునే అపార్ట్‌మెంట్ నుంచి వచ్చినదాన్ని, ఆ కాలువ చూస్తుంటే కాస్త అసూయ వేసిన మాట నిజం.

దిగిన చోటి నుంచి లోపలికి ఆటో 150 అన్నాడు. నా చేతిలో ట్రాలీ బ్యాగ్ చూసి చెప్పిన రేటది. నడిచాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

మొదట దూరిన నర్సరీలో ఒక జంటకి ప్రీ వెడ్డింగ్ షూట్ జరుగుతోంది. ఆ అమ్మాయి గౌను తోక దాటి లోపలికి వెళ్లడానికి పావుగంట పట్టింది. అక్కడో ఫైకస్ బోన్సాయ్ 40 వేలు! వంకర తిరిగిన ఆ మొదలు చూస్తే బాగానే ఉంది గానీ, ఆ డబ్బుతో మా హాలుకి కొత్త సోఫా వస్తుంది. ఇంకా తమాషా ఏంటంటే, ఓనర్ ఏసీ గదిలో టేబుల్ మీద ఉన్నది ప్లాస్టిక్ మొక్క. గిల్లి చూశాను, సందేహం లేదు. చుట్టూ ఎకరాల కొద్దీ పచ్చదనం పెట్టుకుని ఇదేంటండీ అంటే ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "గదికి కిటికీ లేదండి. మొక్కని చంపడం ఎందుకు?" అన్నాడు. ఈ మాట ఫోన్‌లో మా ఆయనకి చెప్పి ఉండాల్సింది కాదు. ఇప్పటికీ దెప్పుతున్నాడు.

నాకు కావలసిన మనిషి రెండో నర్సరీలో దొరికాడు. షేడ్‌నెట్ కింద గొట్టంతో నీళ్లు కొడుతున్న పెద్దాయన, తలకి తువాలు, మోకాళ్ల దాకా మట్టి. నేను ఫోన్‌లో రాసుకొచ్చిన లిస్టు చదివాను. కాగితాల పూలు, ఎర్ర ఆగ్లోనిమా, క్రోటన్లు, మాన్‌స్టెరా, డిఫెన్‌బేకియా. ఆయన గొట్టం పక్కన పెట్టి మొత్తం విన్నాడు. విని, "మీ ఇంట్లో ఎండెప్పుడు పడద్దండి?" అన్నాడు.

"పడుతుంది బాబాయ్, బాల్కనీ ఉంది."

"పడద్దండి. ఎన్ని గంటలకి?"

చెప్పలేకపోయాను. ఆరేళ్లుగా ఉంటున్న ఇల్లు. మా ఆయనకి ఫోన్ చేశాను. మన బాల్కనీలో ఎండ ఎప్పుడు పడుతుందని అడిగితే, కాసేపాలోచించి "పగలు" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు. "పోనీ, బట్టలు ఎన్నింటికి ఆరతాయండి?" అన్నాడు. అది మాత్రం తెలుసు. పొద్దున ఆరేసిన తువాలు చలికాలంలో మర్నాటికి గానీ ఆరదు, వాసన కూడా వస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికే ఆరిపోతుంది. "వడియాలు ఎక్కడ పెడతారండి?" డాబా మీద. బాల్కనీలో ఎప్పుడూ పెట్టలేదు, పెట్టాలని కూడా తోచలేదు. "ఆయ్, అయితే మీది ఉత్తరం మొహమండి" అన్నాడు. నిజమే!

మన హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ కాస్త కాలం ఉత్తరపు బాల్కనీలోకి ఎండ వస్తుంది, చలికాలమంతా దక్షిణం వైపే కాస్తాడు కాబట్టి ఒక్క కిరణం రాదు. ఇది స్కూల్లో చదువుకున్నదే. దాన్ని నా తువాలుకి ముడిపెట్టడానికి కడియం రావలసి వచ్చింది. చచ్చిన కాగితాల పూల చెట్టుకి నేను రెండేళ్లు నీళ్లు, ఎరువు, వేపపిండి అన్నీ వేశాను. దానికి కావలసింది ఆరుగంటల ఎండ.

ఇక లిస్టు మీద పడ్డాడు. కాగితాల పూలు కొట్టేయమన్నాడు. క్రోటన్లు నీడలో పెడితే రంగంతా పోయి ఉత్త పచ్చగా మిగులుతాయి, వద్దు. ఆగ్లోనిమాలో ఎర్రవాటికి వెలుతురెక్కువ కావాలి, పచ్చవి తీసుకోండి. ఫిడిల్ లీఫ్ సంగతి చెబితే, "అది అలిగే మొక్కండి. చోటు మారిస్తే ఆకులు రాల్చేస్తాది" అన్నాడు. నేను దాన్ని వారానికోసారి హాల్లోంచి బెడ్‌రూమ్‌కి, బెడ్‌రూమ్ నుంచి హాల్లోకి తిప్పిన సంగతి ఆయనకి చెప్పలేదు.

డిఫెన్‌బేకియా దగ్గర ఆగి, "చిన్నపిల్లలున్నారాండి?" అన్నాడు. మా ఆడపడుచు కొడుక్కి ఏడాదిన్నర, ఏది దొరికితే అది నోట్లోనే. అయితే వద్దన్నాడు. కొరికితే నాలుక వాచిపోతుందట. "కంద దురద తెలుసు కదండి, ఇదీ ఆ కులమేనండి." ముందు రోజు రెండుసార్లు వడ్డించుకున్న కూర గుర్తొచ్చింది. అన్నీ ఒకే కుటుంబం. కందలో, చేమలో, డిఫెన్‌బేకియాలో, మాన్‌స్టెరాలో ఉన్నవి అవే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కందని మనం చింతపండు వేసి ఉడికించి లొంగదీసుకున్నాం, దీన్ని కుండీలో పెట్టుకుని షోకు చేస్తున్నాం. మాన్‌స్టెరా కూడా అదే కుటుంబమైనా, పిల్లాడికి అందకుండా స్టూల్ మీద పెడతానని ఒట్టేసి తీసుకున్నాను.

చివరికి బుట్టలోకి చేరినవి ఆరు. పచ్చ ఆగ్లోనిమాలు రెండు, మాన్‌స్టెరా, జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్, నడుమెత్తు అరెకా ఒకటి. జెడ్‌జెడ్‌ని కవర్‌లోంచి కాస్త పైకి లాగి మట్టి తప్పించి చూపించాడు. బంగాళాదుంపల్లాంటి దుంపలు, నీళ్లన్నీ వాటిలోనే దాచుకుంటుంది. "మీరు పోయకపోతే బతుకుతాది, పోస్తేనే పోతాది" అన్నాడు. అరెకా 220. మా ఇంటి దగ్గర సైజు తక్కువదే 600. ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. పార్శిల్ సర్వీస్ వాడు ఆరు మొక్కలకి ప్యాకింగ్‌తో కలిపి 1,400 అన్నాడు. మొక్కలన్నీ కలిపితే అంత లేదు! రైల్లో నేనే మోసుకుపోతానని బయల్దేరాను.

డబ్బులిచ్చి వచ్చేస్తుంటే గట్టు పక్కన మరువం నారు కనిపించింది. ఏలూరులో మా అమ్మ పాత నూనె డబ్బాకి అడుగున మేకుతో బొక్కలు కొట్టి మరువం వేసేది. శుక్రవారం కనకాంబరాల మాలలో రెండు రెమ్మలు పెట్టి కట్టేది. జడ విప్పాక కూడా రాత్రంతా దిండుకి ఆ వాసన ఉండేది. దీనికి ఎండ కావాలి, నా ఇంట్లో లేదు, ఇప్పుడిప్పుడే తెలిసింది కూడా. అయినా రెండు కవర్లు తీసుకున్నాను. పెద్దాయన ఏదో అనబోయి మానేసి, "డాబా మీద పెట్టండమ్మా" అన్నాడు. వాటికి డబ్బు తీసుకోలేదు.

బస్సు కోసం నిలబడేసరికి చీకటి పడుతోంది. అప్పుడు చూశాను దాన్ని. రోడ్డవతల మడి మీద వరసగా తీగలు కట్టి బల్బులు వేశారు, కింద చామంతి నారు. కార్తీక దీపాలేమో అనుకున్నాను మొదట. పక్కన నిలబడ్డ పూలబుట్ట ఆవిడ చెప్పింది. చలికాలం రాత్రి పెద్దదైతే చామంతి మొగ్గ తొడిగేస్తుందట, మొక్క ఎదక్కుండానే. అందుకని చీకటి తగ్గించి ఇంకా పగలే అని నమ్మిస్తారు. ఎదిగాక బల్బులు ఆపేస్తే అప్పుడు పూత. ఏసీ గదిలో ప్లాస్టిక్ మొక్క, పొలంలో కరెంటు పొద్దు. బస్సు వచ్చినా ఎక్కకుండా ఇంకో పావుగంట చూస్తూ నిలబడ్డాను. తర్వాతి బస్సుకి కూర్చోడానికి చోటు లేదు, అది వేరే సంగతి.

రైల్లో అరెకాని లోయర్ బెర్త్ కింద పడుకోబెడితే ఆకులు సగం దారిలోకి వచ్చాయి. టీ అబ్బాయి రెండుసార్లు తొక్కాడు. టీటీఈ చూసి, "ఇది కూడా ప్రయాణికురాలేనా?" అన్నాడు. పై బెర్త్ పెద్దమనిషి మాత్రం దిగినప్పుడల్లా ఎక్కడ కొన్నారు, ఎంతకిచ్చారు, ఎక్కువ పెట్టారు అంటూ తెల్లవారుజామున కూడా వదల్లేదు.

నెల కావస్తోంది. అరెకా రెండు ఆకులు ఎండబెట్టుకుంది, మిగతావి నిలబడ్డాయి. ప్లాస్టిక్ దాన్ని కిటికీ లేని బాత్‌రూమ్ బయటి మూలకి మార్చాను. మా ఆయన దాన్ని ఓనర్ గది అంటున్నాడు. మరువం డాబా మీద, నీళ్ల ట్యాంక్ పక్కన పెట్టాను. బాగా గుబురుగా వచ్చింది. మొన్న శుక్రవారం పైకి వెళ్లి చూస్తే ఎవరో నాలుగు రెమ్మలు గోటితో కోసుకెళ్లారు. ఐదో అంతస్తు వాళ్ల మీదే నా అనుమానం.