కౌంటర్‌కి ఇవతలి వైపు
కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో గుమాస్తా అంటే స్టాంపులు కొట్టడమే పని అనుకుంటారు. స్టాంపు చివర్లో. ముందు సంతకాలున్నాయా, ఫీజు సరిపోయిందా, జతచేసిన కాగితాలు వరుసలో ఉన్నాయా అని చూడాలి. కేసు గడువులోపు వేశారా లేదా అని రేపు తేల్చేది ఆ తేదీ ముద్రే కాబట్టి చెయ్యి తొందరపడకూడదు.

అసలు కష్టం అది కాదు. "నేను గెలుస్తానా అమ్మా?" అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలి? ఏ ఫారం నింపాలో చెప్పొచ్చు, అందులో ఏం రాయాలో చెప్పకూడదు. చెబితే ఒక పక్షం వైపు మొగ్గినట్టే. వాళ్లకేమో నేను కావాలనే దాస్తున్నానని కోపం (ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది నాకు). లాయర్లకి ఆ బాధ లేదు, వాళ్ల టెన్షనల్లా కేసు నంబర్ ఎప్పుడు పడుతుందనే. పడ్డాక మళ్లీ కనపడరు, సర్టిఫైడ్ కాపీ అవసరమయ్యేదాకా.